కొంగుముళ్ళ బొంత

బెంగుళూరు బళేపేటలో ఓబళప్ప గాజుల అంగడి తెలియనివాళ్ళు లేరు. ఆ అంగడి ముందరి పొడుగాటి రాతి అరుగును అక్కడి తెలుగువాళ్ళు కూడా కన్నడం మాటతో జగిలి అనే అనేవాళ్ళు. పగలు దాని మీద గాజులు తొడిగించుకొనే పెళ్ళికూతుళ్ళు కూర్చునేవాళ్ళు. సాయంత్రం తలుపులు మూశాక, ఇల్లూ వాకిలీ లేని ఆడవాళ్ళు అదే రాళ్ళ మీద పడుకొనేవాళ్ళు. మగవాడైతే ఏ మండీ దగ్గరో మూటల మధ్య ఒళ్ళు వాల్చవచ్చు. మగతోడు లేని ఆడదాన్ని సత్రం గుమస్తా గడప కూడా తొక్కనిచ్చేవాడు కాడు. కాబట్టి వాళ్ళకు జగిలే గతి.

ఓబళప్ప దైవభక్తి గలవాడు. ఏకాదశి ఉపవాసం తప్పేవాడు కాడు, ఏటా కదిరి తేరుకు పోకుండా ఉండేవాడు కాడు. అదే నిష్ఠతో రోజూ అంగడి కట్టేముందు జగిలి మీద రెండు బిందెల నీళ్ళు పోయించేవాడు. తడి రాతి మీద ఎవరూ పడుకోలేరని ఆయన లెక్క. ఆ లెక్క తప్పు. ఆడవాళ్ళు వీధిలో నిలబడి తడి ఆరేదాకా కాచుకొని, ఆరీ ఆరకముందే వచ్చి నడుం వాల్చేవాళ్ళు. మర్నాడు మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నిలబడడం.

ఆ నీళ్ళు పోసే పని సొన్నమ్మది.

సొన్నమ్మ నిజానికి బొంతలు కుట్టే మనిషి. అంగడి వెనక, గాజుల పెట్టెలు దించే కొట్టంలో, మెట్ల కింద ఆమెకొక మూల ఉండేది. కాళ్ళు చాపితే తలుపు తగిలేది. అద్దెకు బదులుగా అంగడి ఊడవాలి, నీళ్ళు పొయ్యాలి, వేరే ఎవర్నీ లోపలికి రానివ్వకూడదు. ఈ మూడు షరతుల మీద ఆమె అక్కడ పన్నెండేళ్ళుగా ఉంటోంది. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం చిన్న మోసం చేసేది. బిందెను కాలువ వైపు వంచి, గోడ పక్కన మనిషి పట్టేంత మేర పొడిగా వదిలేసేది. ఓబళప్ప చూపు అటు పడనంతకాలం అది సాగింది.

ఆ పేటలో బొంత అంటే సొన్నమ్మ బొంతే. బాలింతకు మెత్తటిది, ముసలివాళ్ళకు బరువైనది, ఎవరికి తగ్గట్టు వాళ్ళకు కుట్టేది. దగ్గర దగ్గరగా పడే ఆమె కుట్టు చూసి చిక్కపేట దర్జీలు కూడా మెచ్చుకొనేవాళ్ళు. ఆమెకు ఒక ఆచారం ఉండేది, వాళ్ళ అమ్మ నేర్పింది. బొంత అంతా అయ్యాక చివరి మూల ముక్కను కుట్టకుండా చిన్న సంచిలా తెరిచి ఉంచేది. ఆ బొంత ఎవరు కప్పుకుంటారో వాళ్ళే తమ చేత్తో, తమ సొంత ధాన్యపు గింజ ఒకటి దాంట్లో వెయ్యాలి. అప్పుడు మూల కుట్టేసేది. దీన్ని బొంతకు ఒడి నింపడం అనేది. ఖాళీ ఒడితో ఉన్న బొంత మనిషిని కాయదని ఆమె నమ్మకం. ఎంత గొప్పింటివాళ్ళు కుట్టించుకున్నా గింజ పడందే మూల ముయ్యలేదు.

ఇంతమందికి బొంతలు కుట్టిన మనిషి తాను కప్పుకొనేది మాత్రం రెండు గోనెపట్టాలు. ఆమె తలకింద ఒక రేకుపెట్టె ఉండేది. దాంట్లో ఒక బొంత ఉందని, దాన్ని ఎవరికీ ఇవ్వదని, తానూ కప్పుకోదని జగిలి మీది ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఆ బొంత సంగతి చెప్పాలంటే ఇరవై అయిదేళ్ళు వెనక్కి పోవాలి. విషజ్వరాలు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు రాలిపోయిన ఏడు అది. సొన్నమ్మకు పదేళ్ళు. తండ్రి పోయాక తల్లి కదిరమ్మ ఆమెను వెంటబెట్టుకొని, గుడిబండ నుంచి నడుచుకుంటూ బెంగుళూరు చేరింది. బళేపేటలో ఆ జగిలి మీదనే దిగింది. పన్నెండో రోజు పొద్దున కదిరమ్మ లేవలేదు. అనాథ శవాలను ఎత్తే బండి వచ్చింది. పిల్ల తల్లి కొంగును రెండు చేతులతో పట్టుకొని వదల్లేదు. బండివాడు చెడ్డవాడేమీ కాదు, పాపం ఆ రోజుల్లో వాడికి ఊపిరి సలపనంత పని. విడిపించి విడిపించి, చివరికి మొలలో ఉన్న కత్తి తీసి కొంగు కోసేశాడు. బండి కదిలిపోయింది. పిల్ల చేతిలో జానెడు ఎర్రగుడ్డ మిగిలింది, దాని మూలన కదిరమ్మ ఏదో కట్టుకున్న ముడి. తల్లిని ఎక్కడ పూడ్చారో సొన్నమ్మకు చివరిదాకా తెలియలేదు. అడగడానికి ఎవరున్నారు కనుక?

ఆ ముడిని ఆమె విప్పలేదు. విప్పకపోవడానికి కారణం కూడా అప్పట్లో ఆమెకు తెలియదు. పెద్దయి, ఒక ముసలి బొంతలామె దగ్గర పని నేర్చుకొని, పెళ్ళాడి, ఏడాదికే మొగుణ్ణి పోగొట్టుకొని, మళ్ళీ అదే అంగడి వెనక మూలకు చేరాక ఒకరోజు జగిలి మీద ఇంకొకామె చనిపోయింది. పళ్ళు తోముకొనే వేపపుల్లలు అమ్ముకొనే ముసలామె. అందరూ పుల్లలవ్వ అనేవాళ్ళు, అసలు పేరు ఎవరికీ తెలియదు. అప్పటికి శవాల బండి తోలుతున్న బైరప్ప వచ్చాడు. శవాల మీది చీరలు ఒలిచి పాతగుడ్డల వాళ్ళకు అమ్మే అలవాటు అతనికి ఉండేది. అతను చీర లాగబోతుంటే సొన్నమ్మ కత్తెర పట్టుకొని అడ్డం పడింది.

"చీర నువ్వే తీసుకోప్పా. ఆ కొంగు మూల ఒకటి నాకు ఇయ్యి."

"దాంట్లో ఏముండాదని?"

"ఏముంటే నాకేల? ఇల్లు లేనామెకు ఆ ముడే ఇల్లు. దాని తలుపు తెరిచేదానికి నువ్వెవురు, నేనెవురు?"

బైరప్ప ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, ఆమె కోసుకొనేదాకా పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత అది వాళ్ళిద్దరి మధ్య ఒప్పందంలా అయిపోయింది. ఆమె అతని చొక్కా చిరుగులు కుట్టిపెట్టేది. అతను మూల కోసుకోనిచ్చేవాడు.

అలా పుట్టింది పెట్టెలోని బొంత. నడుమ కదిరమ్మ ఎర్రకొంగు. దాని చుట్టూ ఒక్కొక్క సంవత్సరం చేరిన ముక్కలు, ఒక్కొక్క ముక్క మీద విప్పని ముడి. ఆ ముళ్ళను సొన్నమ్మ చదును చెయ్యలేదు, గులకరాళ్ళలా పైకే వదిలేసింది. ప్రతి ముడి చుట్టూ ఆ మనిషిని గురించి తనకు తెలిసిన ఒక్క సంగతి దారంతో కుట్టింది. పుల్లలవ్వ ముడి చుట్టూ వేపపుల్లలు. రాతి మీద వేలితో ఉత్తుత్తి ముగ్గులు పెట్టుకొనే మూగామె చుట్టూ ఏడు చుక్కల ముగ్గు. పటాలంలో చేరిన మొగుడు తిరిగొస్తాడని రోజూ రైలుస్టేషనుకు పోయి వచ్చిన బళ్ళారి ఆమె చుట్టూ రైలుబండి. బతికి ఉండగా ఈ ఆడవాళ్ళ మొహం కూడా ఎవరూ చూడలేదు. వాళ్ళకోసం ఎవరూ రాయి పాతలేదు, దీపం పెట్టలేదు. సొన్నమ్మకు చేతనైన మర్యాద సూదితో చెయ్యడమే, అది ఆమె ఎవరికీ చెప్పకుండా చేసింది.

పెట్టెలో ఆ బొంత పెరుగుతూ ఉండగానే యుద్ధం వచ్చింది. ఊరంతా ఖాకీబట్టల సోల్జర్లు, లారీలు. గుడ్డకు కంట్రోలు, బియ్యానికి డిపో ముందర వరస. మడకశిర, పావగడ వైపు వానలు లేక జనం కడుపు చేతబట్టుకొని బెంగుళూరు దారి పట్టారు. నలభై మూడో సంవత్సరం కార్తీకంలో అలా వచ్చినామె మారెమ్మ.

మారెమ్మకు పాతికేళ్ళు కూడా నిండి ఉండవు. మొగుడు కాఫీతోటల కూలికి పోయి కబురు లేకుండా పోయాడు. అత్తతో కలిసి నడిచి వస్తే, అత్త దారిలోనే దొడ్డబళ్ళాపురం దగ్గర పోయింది. జగిలి ఎక్కిన రెండోరోజే మారెమ్మ పని వెతుక్కుంది. గాజుల అంగళ్ళ ముందర పడే పగిలిన పెంకులు ఏరి, కరిగించేవాళ్ళకు ఇచ్చేది. వేళ్ళ నిండా గాట్లు. అయినా మాట్లాడితే నవ్వు. ఎంత నవ్వు అంటే, సాయంత్రం సొన్నమ్మ బిందె పట్టుకొని రాగానే, "జరగండి మే, గంగమ్మ వస్తా ఉండాది!" అని అందర్నీ లేపేది. సొన్నమ్మకు సిగ్గుతో తల వాలిపోయేది. మారెమ్మ మాత్రం ఆమె వదిలే పొడి మేర ఎక్కడుందో కనిపెట్టేసింది. ఆ చోటు తాను ఎప్పుడూ తీసుకోలేదు, ముసలివాళ్ళకు ఇచ్చేది.

సొన్నమ్మకు ఆ పిల్లంటే ప్రాణం అయిపోయింది. పిల్లాజెల్లా లేని మనిషి కదా. సంగటి కెలికితే ఒక ముద్ద మారెమ్మకు పోవలసిందే.

మార్గశిరం సగంలో చలి ముదిరింది. మారెమ్మకు దగ్గు పట్టుకుంది, ఆ తర్వాత జ్వరం. సొన్నమ్మ తన రెండు గోనెపట్టాల్లో ఒకటి తెచ్చి కప్పింది. అది మంచుకు తడిసి ముద్దయ్యేది. ఇక లాభం లేదని ఓబళప్ప దగ్గరికి పోయి, కొట్టంలో నాలుగు రోజులు ఆ పిల్లను పడుకోనివ్వమని అడిగింది.

"ఒకదాన్ని లోపలికి పిలిస్తే రేపు జగిలంతా లోపలికొస్తాది సొన్నమ్మా," అన్నాడాయన నామం పెట్టుకుంటూ. "నీకు చోటిచ్చిందే ఎక్కువ. జ్వరం మనిషిని గాజుల మధ్య పెడితే అంగడికి ఎవురొస్తారు? మళ్ళీ ఈ మాట ఎత్తితే నువ్వూ మూట కట్టుకో."

సొన్నమ్మ మళ్ళీ చీపురు అందుకుంది. పన్నెండేళ్ళ మూల పోతుందని భయపడింది. ఆ భయం తప్పని చెప్పడానికి మనకు నోరు రాదు, జగిలి మీద పడుకొని చూసిన మనిషి ఆమె.

ఆ మధ్యాహ్నం సంగటి తీసుకుపోతే మారెమ్మ తినలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, పళ్ళు టకటకలాడుతుండగా అడిగింది.

"అక్కా, నీ పెట్టెలో బొంత ఉండాది గదా. ఈ సలి పొయ్యేదాకా ఇయ్యి. మళ్ళా ఇచ్చేస్తాను."

సొన్నమ్మ సంగటి గిన్నె కింద పెట్టేసింది. "ఆ మాట అనొద్దు మే! అది సచ్చినోళ్ళ గుడ్డ. బతికుండేవాళ్ళు కప్పుకోకూడదు. ఆయుసు తీసేస్తాది."

"నాకు ఆయుసు యాడుండాదక్కా, తీసేదానికి?" అని మారెమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి ఎంతసేపటికీ ఆగలేదు. ఆగాక మెల్లిగా అంది: "వాళ్ళేమన్నా నాకు కొత్తా? నేను పండుకొనే రాళ్ళ మీదనే గదా పండుకోని పొయ్యింది. వాళ్ళు నన్నేమీ చెయ్యరు. ఇయ్యక్కా."

"ఇయ్యను. నా తల్లి కొంగు ఉండాది దాంట్లో. నీకు ఏమన్నా అయితే నా చేతులతో నేనే చంపినట్టు. నీకు కొత్తది కుడతాను. సచ్చినోళ్ళ నూలుపోగు ఒక్కటి కూడా లేకుండా, శుభమైనది కుడతాను. నాలుగు రోజులు ఓర్చుకో."

మారెమ్మ "ఒడి నింపాల గదా, గింజ నేనే తేవాల్నా?" అంది.

"ఎవురు కప్పుకుంటే వాళ్ళే తేవాల. ఒక్కటైనా చాలు."

"సరే, చూస్తాలే," అని గోనెపట్టాలోకి ముడుచుకుంది.

బొంత కుట్టడానికి మామూలుగా పది రోజులు పడుతుంది, అది కూడా గుడ్డ చేతిలో ఉంటే. గుడ్డ ఎక్కడిది? సొన్నమ్మకు ఎప్పుడూ పీలికలు ఇచ్చే చిక్కపేట దర్జీ తిమ్మరాయప్ప ఇప్పుడు పటాలం చొక్కాలు కుడుతున్నాడు. కత్తిరించిన ఖాకీముక్కలు కూడా తూచి కంట్రాక్టరుకు అప్పగించాలి. అతను ఖాళీ చేతులు చూపించి, పైకి మాత్రం అరిచాడు, లోపల్లోపల బాధపడ్డాడు. చివరికి అతనే ఒక ఉపాయం చెప్పాడు. గుడ్డల అంగళ్ళలో ఒక్కొక్క గుడ్డ తాను చివర మిల్లు ముద్ర వేసిన బెత్తెడు ముక్కను కత్తిరించి పారేస్తారు, అడిగితే ఇవ్వకపోరు.

సొన్నమ్మ చిక్కపేటలో అంగడి అంగడి తిరిగింది. కొందరు ఇచ్చారు, కొందరు కసిరారు. సాయంత్రానికి ఒళ్ళో ముద్రముక్కలు నిండాయి. నీలిరంగు సింహాలు, ఏనుగులు, తామరపూలు. అన్నీ కొత్తవి, గంజి వాసన పోనివి, ఎవరి ఒంటినీ తాకనివి. లోపల పొరకు తన రెండో చీరను చించేసింది. మిగిలిన ఒక్క చీరతో ఇక రోజూ తడిపి, సగం ఆరబెట్టుకొని కట్టుకోవలసిందే.

మూడు పగళ్ళు అన్నం మాట మరిచి కుట్టింది. కుట్టు పెద్దగా వేస్తే తొందరగా అయ్యేది. కానీ చెయ్యి ఒప్పుకోలేదు. మారెమ్మకు వదులు కుట్టు వెయ్యడమా అనుకొని, మళ్ళీ దగ్గర దగ్గరగానే వేసింది. పెట్టెలో ముళ్ళ బొంత ముడిచి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, ఈ మూడు రోజులకూ ఇచ్చేస్తే ఏమవుతుందని మనసు పీకేది. వెంటనే తల్లి చెయ్యి, బండివాడి కత్తి గుర్తొచ్చి చెంపలు వేసుకొనేది. శుభం, అశుభం అనే మాటలు ఆమె ఎముకల్లో ఉన్నాయి. ఎంత ప్రేమ ఉందో అంత భయం, ఆ ప్రేమే భయమై ఆ పెట్టె మూత మీద కూర్చుంది.

మూడోరోజు సాయంత్రం బిందె పట్టుకొని జగిలి దగ్గరికి వచ్చేసరికి ఓబళప్ప ఇంకా పోలేదు. వీధిలో నిలబడి ఉన్నాడు. ఎవరో చెప్పినట్టున్నారు.

"గోడ పక్కన ఎందుకు పొడిగా ఉంటా ఉండాదో ఈరోజు నేను చూడాల. పొయ్యి. మూలమూలా పొయ్యి."

సొన్నమ్మ పోసింది. మూలమూలా పోసింది. మారెమ్మను ఇద్దరు ఆడవాళ్ళు లేవనెత్తి వీధిలో నిలబెట్టారు. గోనెపట్టా ఒక కొస నీళ్ళలో తడిసింది. ఓబళప్ప రెండో బిందె ఖాళీ అయ్యేదాకా ఉండి, చెప్పులు విదిలించుకొని ఇంటికి పోయాడు.

సొన్నమ్మ మారెమ్మ దగ్గరికి పరుగెత్తి, చీర చెంగుతో ఆమె కాళ్ళు తుడిచింది. "అయిపోయింది మే. ఒక్క పక్క అంచు ఉండాది. రేపు పొద్దున్నే తెస్తాను."

మారెమ్మ కళ్ళు తెరవకుండానే తలూపింది. చేత్తో కొంగు గట్టిగా పట్టుకొని ఉంది. సొన్నమ్మకు ఆ చెయ్యి చూసే తీరిక లేదు, అంచు కుట్టాలి.

పొద్దు పొడిచేసరికి బొంత అయింది. మూల ఒక్కటి తెరిచి ఉంది. సొన్నమ్మ దాన్ని భుజాన వేసుకొని, సూదీ దారం రొంటిన దోపుకొని బయటికి వచ్చింది. జగిలి మీద మిగిలినవాళ్ళంతా ఒక పక్కకు జరిగి ఉన్నారు. అలా జరిగి ఉన్నారంటే ఏమిటో ఆమెకు తెలుసు. మారెమ్మ తడిపట్టాలోనే గోడకు ఆనుకొని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకొని ఉంది. ఒళ్ళు రాతికంటే చల్లగా ఉంది.

సొన్నమ్మ ఏడవలేదు. ఏడుపు రాలేదు. కొత్త బొంతను ఆమె చుట్టూ కప్పి, గడ్డం కిందికి లాగి, బతికున్న మనిషికి సర్దినట్టు సర్దింది. చలికి నీలుక్కుపోయిన ఆ కాళ్ళ మీద నీలి ఏనుగులు వరసగా పడ్డాయి.

ఇంతలో బైరప్ప బండి వచ్చింది. అతను దిగి, చూసి, తలగుడ్డ తీశాడు.

"ఈ పిల్లా?" అన్నాడు. "నిన్న మధ్యాన్నం డిపో ముందర చూసినానే. బస్తాలు దించిన చోట నేల మీద పాక్కుంటా గింజలు ఏరుతా ఉన్నింది. జ్వరం మనిషివి, ఇంటికి పో అంటే నవ్వింది."

అతను అలవాటు కొద్దీ పక్కకు తిరిగి నిలబడ్డాడు, ఆమె కొంగు మూల కోసుకోవడానికి. సొన్నమ్మ కూడా అలవాటు కొద్దీ కత్తెర తీసి, మారెమ్మ పిడికిలి విప్పి, కొంగుముడి పట్టుకుంది. వేళ్ళకు ముడిలో చిన్నచిన్న గింజలు తగిలాయి.

ఇరవై అయిదేళ్ళలో ఒక్క ముడి కూడా విప్పని సొన్నమ్మ ఆ ముడి విప్పింది. లోపల పదకొండు బియ్యపు గింజలు. మట్టి అంటుకొని ఉన్నాయి, రెండు విరిగి ఉన్నాయి. మూడు రోజులుగా ముద్ద దిగని పిల్ల, నోట్లో వేసుకోకుండా బొంత ఒడికి దాచిపెట్టుకున్న గింజలు.

అప్పుడు ఏడ్చింది సొన్నమ్మ. వీధంతా వినబడేలా, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. "అడిగితివి గదమ్మా! నోరు తెరిచి అడిగితివి గదా! పెట్టెలో పెట్టుకోని లేదంటిని గదా!" అని ఆ చల్లటి మొహాన్ని చేతుల్లో పట్టుకొని ఏడ్చింది. ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఏడుపు దానంతట అదే తగ్గాక, మారెమ్మ అరచేతిలో ఆ గింజలు పోసి, ఆ చేతిని తానే పట్టుకొని, బొంత తెరిచి ఉన్న మూలలో వొంపించింది. ఒక్కటి కింద పడితే వెతికి వేసింది. అక్కడే కూర్చొని మూల కుట్టేసింది. కొంగు మాత్రం కొయ్యలేదు. బైరప్ప బండి అంతసేపూ ఆగింది.

"దీన్ని ఒలుస్తావా బైరప్పా?" అని అడిగింది.

"మా అమ్మ మీద ఒట్టు, ముట్టను."

ఒట్టు మీద నమ్మకం లేక కాదు, తల్లి విషయంలో చెయ్యలేనిది ఈసారైనా చెయ్యాలని ఆమె బండి వెనక నడిచింది. ఊరు దాటి, గుంతలు తవ్వే చోటుకు పోయి, బొంతతో సహా మారెమ్మ మీద మట్టి పడేదాకా నిలబడింది. ఆ చోట గుర్తుగా ఒక రాయి తెచ్చి పెట్టింది.

తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఊడవని అంగడి ముందు ఓబళప్ప మండిపడుతూ ఉన్నాడు. ఆమెను చూడగానే బిందె చూపించాడు. సొన్నమ్మ బిందె ఎత్తింది, ఆయన చూస్తుండగా మొత్తం నీళ్ళు కాలువలో గుమ్మరించింది. రెండోది కూడా అంతే. ఖాళీ బిందెను ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఇంక పొయ్యనప్పా. వేరేవాళ్ళను చూసుకో."

ఆయన ఏవేవో అన్నాడు. ఆమె మెట్ల కిందికి పోయి, రేకుపెట్టె తెచ్చుకొని జగిలి ఎక్కింది. అది తప్ప ఆమెకు సామాను లేదు. పెట్టె తెరిచి ముళ్ళ బొంత తీసి, ఎదురుగా వణుకుతున్న ఇద్దరు ముసలివాళ్ళ మీద పరిచింది. వాళ్ళలో ఒకామె ఉలిక్కిపడి కాళ్ళు లాక్కుంది.

"ఇది సచ్చినోళ్ళది గదమ్మా!"

"అవునవ్వా. మనోళ్ళదే. అడిగినప్పుడు ఇయ్యకపోతిని, నా తప్పు. కాళ్ళు చాపు." మూలను ముసలామె భుజం మీదికి లాగి, తానూ ఒక కొస కింద కూర్చుంది. ముళ్ళు వీపుకు గుచ్చుకున్నాయి. అయినా వెచ్చగానే ఉంది.

నీళ్ళు పోసే పనికి వేరేవాళ్ళు వచ్చినా, తడి ఆరేదాకా అందరితో పాటు వీధిలో నిలబడి, సొన్నమ్మ ఆ జగిలి మీదనే ఆరేళ్ళు బతికింది. పగలు బొంతలు కుట్టేది, సాయంత్రం ఎవరికి ఎక్కువ చలిగా ఉంటే వాళ్ళకు ముళ్ళ బొంత కప్పేది. ఎవరి కొంగూ మళ్ళీ కొయ్యలేదు. బొంత వాడకానికి అరిగింది. రైలుబండి కుట్టు ఊడింది, ముగ్గు చుక్కలు చెరిగాయి, కొన్ని ముళ్ళు రాలిపోయాయి. ఊడిన చోట గుడ్డ వేసి కుట్టేది కానీ, ఇకమీదట దాచిపెట్టమని ఎవరు చెప్పినా వినలేదు.

నలభై తొమ్మిది పుష్యంలో ఆమెకు మారెమ్మ దగ్గే పట్టుకుంది. పోయేముందు రోజు చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు రెండే మాటలు చెప్పింది. తన కొంగు కొయ్యొద్దని, తనను ఆ బొంతలో చుట్టొద్దని. మర్నాడు బైరప్ప బండి వచ్చినప్పుడు వాళ్ళు అలాగే చేశారు. సొన్నమ్మ కట్టుచీరతో పోయింది. ఆ సాయంత్రం ఆ బొంత కింద ముగ్గురు పడుకున్నారు.